ఫిబ్రవరిలో ముగిసిన కాంట్రాక్టు, ఆగస్టు దాకా వచ్చిన ప్రసూతి జీతం

హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేసే అమ్మాయిల్లో చాలామంది నాలాగే వచ్చినవాళ్లు. బీఫార్మసీయో, మైక్రోబయాలజీయో, నర్సింగో చదివి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష రాసి ఏదో ఒక కంపెనీలో ట్రైనీగా చేరతారు. అమెరికా ఆసుపత్రుల నుంచి వచ్చే రికార్డులు చదివి జబ్బుకో కోడ్, చికిత్సకో కోడ్ వేయడం మా పని. అక్కడి ఇన్సూరెన్స్ బిల్లులన్నీ ఆ కోడ్ల మీదే నడుస్తాయి. మా దగ్గర రోజుకు ఇన్ని చార్టులని టార్గెట్ ఉండేది, క్వాలిటీ 95 శాతం కంటే తగ్గకూడదు, టార్గెట్ దాటితే ఇన్సెంటివ్.

నా మెడలో ఐడీ కార్డు మీద పెద్ద కంపెనీ పేరు ఉండేది. జీతం మాత్రం మనుషుల్ని సరఫరా చేసే ఒక ఏజెన్సీ వేసేది. థర్డ్ పార్టీ పేరోల్ అంటాం. పదకొండు నెలల కాంట్రాక్టు, అది అయిపోగానే ఇంకో పదకొండు నెలలకు కొత్త కాగితం. అలా మూడో కాగితం 2023 ఏప్రిల్ 1న మొదలైంది. 2024 ఫిబ్రవరి 29తో ముగియాలి. అది నడుస్తుండగానే నేను గర్భవతినయ్యాను. డాక్టరు ఇచ్చిన డెలివరీ తేదీ మార్చి 28.

కాంట్రాక్టు వాళ్లకు మెటర్నిటీ లీవ్ ఉండదన్న మాట మా ఫ్లోర్‌లో అందరూ నమ్మేవాళ్లు. టీమ్ లీడ్‌లు, హెచ్‌ఆర్ వాళ్లు, చివరికి ఆ సెలవు అవసరమైన అమ్మాయిలు కూడా. అది నిజం కాదు. కాంట్రాక్టు తేదీ అయిపోయాక కూడా నాకు 26 వారాలకూ జీతం వచ్చింది. ఎలా వచ్చిందో, ఏ దశలో ఎవరేమన్నారో వివరంగా రాస్తున్నాను. నేను కూర్చున్నలాంటి మీటింగ్ రూముల్లో ఇప్పుడు ఇంకెవరో అమ్మాయిలు కూర్చుని ఉంటారని నాకు తెలుసు.

నవంబరులో టీమ్ లీడ్‌కు చెప్పాను. అప్పుడు నాకు సెకండ్ షిఫ్ట్, క్యాబ్ దిగి ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటేది. పొద్దుటి షిఫ్ట్ అడగడం కోసమే చెప్పాను. ఆయన మార్చారు, మంచిగానే మాట్లాడారు. డిసెంబరులో హెచ్‌ఆర్ నుంచి పిలుపొచ్చింది. గదిలో ఇద్దరున్నారు. ఒకరు కంపెనీ హెచ్‌ఆర్, ఇంకొకరు ఏజెన్సీ తరఫున వచ్చినావిడ.

"చూడండి, మీ మంచి కోసమే చెప్తున్నాం. ఇప్పుడే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఏ ఇబ్బందీ లేకుండా ఇచ్చేస్తాం. డెలివరీ అయ్యాక మళ్లీ అప్లై చేయండి. ఖాళీ ఉంటే ముందు మీకే."

టేబుల్ మీద రాజీనామా లెటర్ టైప్ చేసి పెట్టి ఉంది. నా పేరు, నా ఎంప్లాయీ నంబరు, వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా ఉద్యోగం మానేస్తున్నానన్న వాక్యం. తేదీ, సంతకం మాత్రమే ఖాళీ.

ఈ రంగంలో లేనివాళ్లకు రిలీవింగ్ లెటర్ అంటే అంత భయం ఎందుకో అర్థం కాకపోవచ్చు. కొత్త కంపెనీలో చేరేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేస్తారు. పాత కంపెనీ లెటర్ లేకపోతే, లేదా అక్కడివాళ్లు ఫోన్‌లో ఒక్క ముక్క వంకరగా చెప్తే, చేతికొచ్చిన ఆఫర్ పోతుంది. మూడేళ్ల అనుభవం లెక్కలోకి రాదు, మళ్లీ ఫ్రెషర్ జీతం దగ్గర మొదలు. ఆ భయం మీద చెయ్యి వేసి సంతకం పెట్టించుకుంటారు. నాకంటే ముందు మా వరుసలో కూర్చునే అమ్మాయి ఆరో నెలలో పర్సనల్ రీజన్స్ అని మానేసింది. అందరం కేక్ కట్ చేసి పంపించాం. ఆ అమ్మాయి ముందు కూడా ఇదే కాగితం పెట్టి ఉంటారని ఆ గదిలో కూర్చున్నప్పుడు అర్థమైంది. నా ఒళ్లు చల్లబడిపోయింది.

ఆలోచించుకుని చెప్తానని లేచి వచ్చేశాను.

మాది మిర్యాలగూడ. నాన్న ఒక రైస్‌మిల్లులో గుమాస్తా, వచ్చే బస్తా పోయే బస్తా లెక్కలు రాయడమే ఆయన జీవితమంతా. రాత్రి ఫోన్‌లో జరిగింది చెప్తే, "సంతకం పెట్టకు బిడ్డా" అన్నాడు. "కాగితం మీద లేని బస్తా గోదాంలో ఉన్నా లేనట్టే. వాళ్లు నోటితోని చెప్పింది నువ్వు కాగితం మీదికి ఎక్కించు." అమ్మకు మాత్రం భయం. "కడుపుతోని ఉన్నప్పుడు ఎందుకే ఈ టెన్షన్, ఉద్యోగం మళ్ల దొరకదా?" అంది. అత్తమ్మ కూడా అదే మాట. వాళ్లిద్దరి మీదా నాకు కోపం రాలేదు. ఉద్యోగం చేసే ఆడపిల్ల బిడ్డను కంటే ఉద్యోగం పోవడం ఎండాకాలం తర్వాత వాన రావడమంత సహజమని చుట్టూ అందరూ అనుకుంటుంటే వాళ్లు మాత్రం ఏమంటారు?

మా ఫ్లోర్‌లోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. పెన్ను, కాగితం కూడా. రోగుల వివరాలు బయటికి పోకూడదని ఆ నియమం. కాబట్టి లోపల ఎవరేం అన్నా రుజువు ఉండదు. ఆ రాత్రే నా సొంత మెయిల్ నుంచి కంపెనీ హెచ్‌ఆర్‌కూ, ఏజెన్సీకీ కలిపి ఒక మెయిల్ పంపాను. ఈ రోజు ఇన్ని గంటలకు నన్ను పిలిచి రాజీనామా చేయమన్నారు, నేను రాజీనామా చేయడం లేదు, ఫిబ్రవరి 12 నుంచి ప్రసూతి సెలవు కావాలి, డాక్టరు సర్టిఫికెట్ జత చేస్తున్నాను. అంతే రాశాను. మర్నాడు అదే లెటర్ ఏజెన్సీ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు దాచుకున్నాను.

వాళ్లు మెయిల్‌కు మెయిల్‌లో జవాబివ్వలేదు, ఫోన్ చేశారు. ఎన్నిసార్లు రాసినా ఫోనే. నేను ప్రతి ఫోన్ తర్వాత, మీరు ఫోన్‌లో ఇలా అన్నారు అంటూ ఇంకో మెయిల్ పెట్టేదాన్ని. తర్వాత లేబర్ ఆఫీసులో ఫైలు తెరిచినప్పుడు నా తరఫున గట్టిగా నిలబడింది ఈ మెయిళ్లే.

చివరికి జనవరిలో రాతపూర్వకంగా ఒక జవాబొచ్చింది. మీ కాంట్రాక్టు ఫిబ్రవరి 29తో ముగుస్తోంది, పొడిగించడం లేదు, సెలవు జీతం ఆ తేదీ వరకే వర్తిస్తుంది అని. అంటే 26 వారాలకు బదులు 18 రోజులు.

ఇక్కడ అప్పటి చట్టం సంగతి చెప్పాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. అందులో డెలివరీకి ముందు 8 వారాలకు మించి తీసుకోకూడదు. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోటికి వర్తిస్తుంది. డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. పర్మనెంటా, కాంట్రాక్టా అన్న తేడా చట్టంలో లేదు. గర్భంతో ఉన్నప్పుడు ఉద్యోగం తీసేసినా ప్రసూతి డబ్బు హక్కు పోదని అందులో 12వ సెక్షన్ చెప్పేది. కాంట్రాక్టులో దీనికి విరుద్ధంగా ఏం రాసుకున్నా చట్టమే చెల్లుతుందని 27వ సెక్షన్ చెప్పేది.

నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లు ఈఎస్‌ఐ అనే చందా బీమా కిందికి వస్తారు. నిర్ణీత రోజుల చందా కట్టి ఉంటే వాళ్లకు ప్రసూతి జీతం ఈఎస్‌ఐ సంస్థే ఇస్తుంది, యజమాని జేబులోంచి పోదు. నేను చేరిన కొత్తలో ఈఎస్‌ఐలోనే ఉన్నాను. తర్వాత జీతం 28,000 అయ్యాక అందులోంచి బయటికి వచ్చాను. అప్పుడు జీతం పెరిగిందన్న సంతోషమే తప్ప, ప్రసూతి జీతం భారం మొత్తం ఇక యజమాని మీద పడుతుందని, అందుకే నన్ను వదిలించుకోవాలని చూస్తారని ఎవరు ఊహిస్తారు? ఈఎస్‌ఐ గీత దాటి, పెద్ద జీతం దాకా చేరని అమ్మాయిలే ఈ విషయంలో ఎక్కువ నలిగిపోతున్నారని నా అభిప్రాయం. థర్డ్ పార్టీ పేరోల్‌లో ఉండేది ఎక్కువగా వాళ్లే.

లాయరు ఫీజు కట్టే స్థితి మాకు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం ఉంది. దాని కింద ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెప్తారు. నేను ఏడో నెల కడుపుతో వెళ్లాను. ఒక ఫారం, ఆధార్ జిరాక్స్, జరిగింది రాసిన కాగితం తీసుకుని ఒక మహిళా అడ్వకేట్‌ను కేటాయించారు. ఆమె నా కాంట్రాక్టు కాగితాలు, ఆ జనవరి మెయిలు చూసి, ఒక తీర్పు ప్రింట్ తీసి నా చేతిలో పెట్టారు.

ఆ తీర్పు సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 17న ఇచ్చింది. ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసిన డాక్టర్ కవితా యాదవ్ కేసు. ఆమె 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. కాంట్రాక్టు జూన్ 11తో ముగుస్తుంది కాబట్టి అప్పటివరకే ఇస్తామన్నారు. కింది ట్రిబ్యునల్‌లోనూ, హైకోర్టులోనూ ఆమెకు న్యాయం జరగలేదు. సుప్రీంకోర్టు మాత్రం, ఒకసారి అర్హత వచ్చాక ప్రసూతి ప్రయోజనం కాంట్రాక్టు గడువు దాటి కూడా కొనసాగుతుందని చెప్పి, మొత్తం 26 వారాలకూ డబ్బు ఇవ్వమంది. "మీది అచ్చం ఇదే కేసమ్మా. తారీఖులే వేరు" అన్నారు అడ్వకేట్. ఆ మాట విన్నాక చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను. ఆరేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన ఆ డాక్టరమ్మను నేను చూడలేదు, ఎప్పటికీ చూడకపోవచ్చు. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

ఫిబ్రవరి మొదటి వారంలో కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చాను. అప్పటి చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఇన్‌స్పెక్టరు విచారణ చేసి డబ్బు చెల్లించమని ఆదేశించే వీలుండేది. ఫిర్యాదుతో పాటు మూడు కాంట్రాక్టు లెటర్లు, పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, స్కానింగ్ రిపోర్టు, డాక్టరు సర్టిఫికెట్, మెయిళ్ల ప్రింట్లు, పోస్టు రసీదు, ఆ తీర్పు. కౌంటర్‌లో గుమాస్తా పైపైన చూసి, "కాంట్రాక్టు అయిపోతే మేమేం చేస్తామమ్మా?" అన్నాడు. తీర్పు ప్రింట్ ముందుకు జరిపి, ఆఖరి పేజీ చదవమన్నాను. చదివి, లోపలికి తీసుకెళ్లి అధికారికి ఇచ్చాడు. నా కాపీ మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాకే అక్కడినుంచి కదిలాను. ఆ నంబరు లేకపోతే ఫైలు ఎక్కడుందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఫిబ్రవరి 12న సెలవు మొదలైంది, పురిటికి మిర్యాలగూడ వెళ్లిపోయాను. 29న కాంట్రాక్టు ముగిసింది. అదే రోజు నా గ్రూప్ మెడికల్ ఇన్సూరెన్స్ కూడా ఆగిపోయింది. మార్చి చివరి వారంలో పాప పుట్టింది, సిజేరియన్. ఉద్యోగంలో ఉండి ఉంటే ఆసుపత్రి బిల్లు ఇన్సూరెన్స్‌లో పోయేది, పుట్టిన రోజు నుంచే పాపకూ కవర్ ఉండేది. నాన్న చిట్టీ ఎత్తి బిల్లు కట్టాడు. జరిగినదాంట్లో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే, ఎందుకంటే ఆ డబ్బు ఏ విచారణలోనూ తిరిగి రాలేదు. యజమాని వైద్య సదుపాయం కల్పించకపోతే 3,500 రూపాయల మెడికల్ బోనస్ ఇవ్వాలని చట్టంలో ఉంది. అది ఇచ్చారు. సిజేరియన్ బిల్లు ముందు అదెంత?

ఒక మాట. సంతానం కోసం సెలవు అడిగే ముందే మీ ఇన్సూరెన్స్ ఏ తేదీతో ఆగుతుందో కనుక్కోండి. వీలైతే సొంతంగా ఒక పాలసీ పెట్టుకోండి, అయితే అందులో మెటర్నిటీ కవర్‌కు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి పెళ్లైన కొత్తలోనే ఆలోచించాలి.

విచారణలకు నేను వెళ్లలేకపోయాను. ఆథరైజేషన్ లెటర్ రాసిస్తే మా ఆయన వెళ్లారు. ఆయన ఎలక్ట్రానిక్స్ షోరూంలో సేల్స్‌లో చేస్తారు, సెలవు పెడితే జీతం కట్. అయినా ప్రతి వాయిదాకూ వెళ్లారు. మొదట్లో ఏజెన్సీ నుంచి ఎవరూ రాలేదు, వాయిదా వేశారు. ఇంకోసారి ఒక కుర్రాడు వచ్చి, తనకు అధికారం లేదని టైం అడిగాడు. ఈ దశలోనే చాలామంది విసిగిపోయి వదిలేస్తారనిపించింది. పసిబిడ్డ, పాలు, నిద్ర లేని రాత్రులు, కుట్ల నొప్పి. ఫోన్ మోగితే చాలు గుండె దడ. నాన్న ఉయ్యాల ఊపుతూ పక్కనే కూర్చుని మా ఆయన ఫోన్‌లో చెప్పింది తన నోటుబుక్‌లో తారీఖుతో సహా రాసేవాడు.

ఈ మధ్యలో ఏజెన్సీ ఒక బేరం పెట్టింది. రెండు నెలల జీతం ఇస్తాం, ఇంకేం అడగనని రాసివ్వండి అని. డబ్బు అవసరం చాలా ఉంది. అడ్వకేట్ తొందరపడొద్దన్నారు. ఒప్పుకోలేదు.

చివరకు ఏజెన్సీ వాళ్లు లాయరుతో వచ్చారు. కాంట్రాక్టు అయిపోయిందన్నారు, అధికారి మేడం తీర్పు చూపించారు. క్లయింట్ కంపెనీ ఈ డబ్బు తమకు ఇవ్వదన్నారు. అది మీరూ మీరూ తేల్చుకోండి, ఈ అమ్మాయికి జీతం ఇచ్చింది మీరే కదా అన్నారామె. అప్పుడు లెక్క దగ్గరికొచ్చారు. అసలు తెలివితేటలన్నీ ఆ లెక్కలోనే చూపించారు.

నా జీతం 28,000లో బేసిక్ 14,000. మిగతాది హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్సు), ఇతర అలవెన్సులు. పైన ఇన్సెంటివ్ సగటున 3,000. వాళ్లు బేసిక్‌నే 30తో భాగించి, 26 వారాల్లో ఆదివారాలు తీసేసి 156 రోజులకు కట్టారు. 72,800 రూపాయలు. మా అడ్వకేట్ రెండు విషయాలు ఎత్తారు. అప్పటి చట్టంలో వేతనం అంటే హెచ్‌ఆర్‌ఏ సహా నగదు అలవెన్సులన్నీ, ఇన్సెంటివ్ బోనస్ కూడా వచ్చేవి. ఓవర్‌టైం, పీఎఫ్‌లో యజమాని వాటా మాత్రం వచ్చేవి కావు. ఇక వారం అంటే ఏడు రోజులు, ఆదివారంతో సహా. కోయంబత్తూరు లేబర్ కోర్టు నుంచి వెళ్లిన బి. షా కేసులో సుప్రీంకోర్టు 1977లోనే ఈ సంగతి తేల్చేసింది. నేను పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందు తేలిపోయిన లెక్కను 2024లో మళ్లీ తప్పుగా వేసి ఒక బాలింత ముందు పెట్టారంటే, అడిగేవాళ్లు ఉండరన్న ధైర్యమే.

31,000ను 30తో భాగిస్తే రోజుకు 1,033. అలాంటివి 182 రోజులు. 1,88,000 పైచిలుకు. వాళ్ల మొదటి లెక్కకూ దీనికీ లక్షకు మించి తేడా. పేస్లిప్పుల్లో ఇన్సెంటివ్ విడిగా కనిపించడం వల్లే అది కలిసింది. సెలవుకు ముందు మూడు నెలల సగటు తీస్తారు కాబట్టి ఆ మూడు నెలల పేస్లిప్పులు తప్పకుండా దాచుకోండి. ఉద్యోగం అయిపోయాక ఆ పోర్టల్‌లోకి లాగిన్ అవ్వనివ్వరు.

అధికారి సమక్షంలో ఒప్పంద పత్రం రాసి రెండు పక్షాలూ సంతకాలు చేశాయి. డబ్బు రెండు వాయిదాల్లో నా ఖాతాలో పడింది. నిజానికి డెలివరీకి ముందు కాలానికి ముందుగానే, తర్వాతి కాలానికి డెలివరీ రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలని చట్టం. నాకు పూర్తిగా అందేసరికి పాపకు బోర్లా పడటం వచ్చేసింది. రిలీవింగ్ లెటర్ కూడా ఆ పత్రంలోనే షరతుగా రాయించాం. అది లేకుండా సంతకం పెట్టొద్దని అడ్వకేట్ పట్టుబట్టారు, అది నా తర్వాతి ఉద్యోగాన్ని కాపాడింది.

ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. కాంట్రాక్టు పొడిగించి తీరాలని చట్టం చెప్పదు. ఆ తీర్పు డబ్బు వరకే. ఇది తెలిసే ఈ దారిలోకి దిగాలి.

సెలవులో ఉన్నప్పుడు సర్టిఫికెట్ పోకుండా చూసుకున్నాను. సీపీసీ నిలబడాలంటే రెండేళ్లకు 36 యూనిట్ల నిరంతర శిక్షణ చూపించాలి, సభ్యత్వ ఫీజు కట్టాలి. పైగా ఏటా అక్టోబరు 1న జబ్బుల కోడ్లు మారతాయి. పాప పడుకున్నాక కొత్త కోడ్లు చదివేదాన్ని. ఇంటర్వ్యూల్లో టెస్ట్ పాసైన తర్వాత కూడా వచ్చే ప్రశ్న ఒకటే: పాపను ఎవరు చూసుకుంటారు? ఒకచోట, రెండో బిడ్డ ఆలోచన ఉందా అని కూడా అడిగారు. నా బ్యాచ్‌లో తండ్రి అయిన అబ్బాయిలను అడిగాను. వాళ్లలో ఒక్కరికీ ఈ ప్రశ్న ఎదురవలేదు. క్లాడియా గోల్డిన్‌కు 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. సంపన్న దేశాల్లో ఆడా మగా జీతాల మధ్య ఇప్పుడున్న తేడాలో ఎక్కువ భాగం తొలి బిడ్డ పుట్టుకతోనే మొదలవుతుందని ఆమె పరిశోధన చెప్తోంది. మన దగ్గర జీతం తేడా దాకా వెళ్లక ముందే ఉద్యోగమే పోతోంది. 2023-24 కేంద్ర సర్వే ప్రకారం పట్టణాల్లో పదిహేనేళ్లు నిండిన ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు కలిపి 28 శాతమే. మిగతావాళ్లలో ఎంతమంది ముందు ఆ టైప్ చేసిన లెటర్ పెట్టారో ఏ సర్వే అడగదు.

యజమానుల వైపు నుంచి కూడా ఆలోచించాను. 26 వారాల జీతం మొత్తం ఒక్క యజమానే భరించాలంటే, చిన్న కంపెనీ అమ్మాయిని తీసుకోవడానికి వెనకాడుతుంది. ఈఎస్‌ఐ లాగా అందరి చందాతో నడిచే నిధి నుంచి ఈ డబ్బు వస్తే, పెళ్లైన అమ్మాయి రెజ్యూమే పక్కన పెట్టే అవసరం ఉండదు. 21,000 పరిమితి 2017 జనవరి నుంచి మారలేదు. దాన్ని పెంచాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఎవరితో మాట్లాడే అవకాశం వచ్చినా ఇదే చెప్తాను.

2025 జనవరిలో నేరుగా కంపెనీ పేరోల్‌లోనే ఉద్యోగం వచ్చింది. జీతం పాతదానికంటే కొంచెం తక్కువ, కానీ పగటి షిఫ్ట్. చేరిన రోజు ఇచ్చిన కాగితాల్లో ప్రసూతి సెలవు వివరాలు ఒక పేజీ ఉన్నాయి. ఆడవాళ్లకు ఉద్యోగంలో చేరేటప్పుడే ఇలా రాసి ఇవ్వాలని చట్టంలోనే ఉంది, పాత చోట మూడు కాంట్రాక్టుల్లో ఒక్కసారీ ఇవ్వలేదు. 50 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూడొచ్చు. ఇక్కడ ఆఫీసు దగ్గరే ఒక క్రెష్‌తో ఒప్పందం ఉంది. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు కూడా హక్కే. అడిగితే ఇచ్చారు.

2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. పాత ప్రసూతి చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ 26 వారాలు, 80 రోజుల నియమం అందులోనూ ఉన్నాయి. ఫిర్యాదు రాసేటప్పుడు కొత్త నంబర్లు న్యాయ సేవాధికార సంస్థ అడ్వకేట్‌తో వేయించండి.

పాత ఆఫీసు నుంచి ఒక చెల్లి ఈ మధ్య ఫోన్ చేసింది. ఐదో నెలట, హెచ్‌ఆర్ పిలిచారట. లెటర్‌లో ఏం రాయాలక్కా అని అడిగింది. నేను చెప్పింది ఇది: నీ పేరు, ఎంప్లాయీ నంబరు, ఎప్పటినుంచి పనిచేస్తున్నావో. డాక్టరు ఇచ్చిన డెలివరీ తేదీ. సెలవు ఏ తేదీ నుంచి కావాలో. ప్రసూతి డబ్బు నీకు, లేదా నువ్వు పేరు రాసిన నామినీకి ఇవ్వమని. ఆ కాలంలో ఇంకెక్కడా పనిచేయనని. రాజీనామా చేయడం లేదని ఒక వాక్యం విడిగా, స్పష్టంగా. కింద తేదీ, సంతకం, జత చేసిన కాగితాల జాబితా. నీ సొంత మెయిల్ నుంచి ఇద్దరికీ, అంటే కంపెనీకీ ఏజెన్సీకీ, ఒకే మెయిల్‌లో పంపు. పోస్టులో కూడా పంపి రసీదు ఫోటో తీసి మీ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో ఉంచు. ఆ రాత్రే పంపించి నాకు స్క్రీన్‌షాట్ పెట్టింది.